కథయందలి యాకాంక్ష: కాశీమజిలీలును గలాపూర్ణోదయమును

వాక్యమునుండి యర్థబోధ కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, ఆసత్తి యను మూఁడును గారణము లని తర్కసంగ్రహము చదివిన బాలుఁడైనను జెప్పఁగలఁడు. "ఆవు, గుఱ్ఱము, మనుష్యుఁడు, ఏనుఁగు" అని వరుసగాఁ బలికిన వాక్యము కాదు; ఒక పదము మఱియొక పదమును గోరుటలేదు. "నిప్పుతోఁ దడుపుచున్నాఁడు" అన్నను వాక్యము కాదు. నిప్పునకుఁ దడుపు యోగ్యత లేదు. ఉదయమున నొకపదమును సాయంకాలమున నొకపదమును బలికినను వాక్యము కాదు. రెంటికి నాసత్తి లేదు. ఈ మూఁడు నియమములను శాబ్దికులు వాక్యమునకే చెప్పి విడిచిరి. నే నిందుఁ జెప్పఁబూనిన దేమనఁగా, మన దేశమున నబాలగోపాలము చెవియొగ్గి వినునట్టి యద్భుతకథలు, లోపల రహస్యమును దాఁచుకొని, నాయికానాయకుల యనురాగమును మెల్లమెల్లఁగాఁ బండించునట్టి కథామాలికలు, ఈ మూఁడు నియమములచేతనే రుచించుచున్నవి. పాఠశాలలలో మనము కావ్యపాఠము చెప్పు తీరు మాత్ర మా యాకాంక్షను మొలకయందే త్రుంచివైచుచున్నది. దీనిని విజ్ఞులముం దుంచుటకే యీ వ్యాసము.

మా వేంసూరు ఖమ్మముజిల్లాకు ఆగ్నేయమున సత్తుపల్లి చెంత నున్నది. ఉత్తరముగాఁ బోయినకొలఁది నడవి చిక్కనై భద్రాచలముదాఁక సాగును. శ్రీరామనవమికి ముందు కాలినడకను భద్రాద్రికిఁ బోవువా రిప్పటికిని గలరు. చెట్టునీడనో, గుడిమంటపముననో, బడిపంచనో వారు మూట దించుకొన్నచోటు మజిలీ. మజిలీ యన్న మాట యీ ప్రాంతమున నిఘంటువు చూచి తెలిసికొనవలసినది కాదు. మూట దించినపిదపఁ గాళ్లు చాఁపుకొని, నిద్ర వచ్చువఱకు నెవరో యొకరు కథ యెత్తుకొందురు. కాశీమజిలీకథల నిర్మాణమంతయు నీ యాచారమునుండియే పుట్టినది.

ఆ గ్రంథమును రచించినవారు మధిర సుబ్బన్నదీక్షితులుగారు (1868-1928). రాజమహేంద్రవరమున నుండి సులభగ్రాంథికమున 12 భాగములుగా దీనిని వెలయించిరి. మణిసిద్ధుఁ డను యతికిఁ గాశికిఁ బోవఁ గోరిక కలిగెను. తోడు కావలెను. పసులకాపరి యైన యొక బాలుఁడు తప్ప నెవరును దోడు రాకపోయిరి. ఆ బాలుఁడును ఊరక రాలేదు. మజిలీమజిలీకిఁ దాను గోరిన కథ చెప్పవలె ననియు, లేనిచో వెనుకకుఁ దిరిగి పోదు ననియు నొడంబడిక చేసికొనెను. యతి వంట ప్రయత్నములో నుండఁగా బాలుఁడు ఊరు చుట్టివచ్చి, తాను జూచిన యొక వింతను జెప్పి, దీని వృత్తాంత మేమని యడుగును. యతి తనయొద్దనున్న మణిప్రభావమున నంతయుఁ దెలిసికొని కథ నారంభించును. ఒక మజిలీలోఁ గథ తెగనిచోఁ బై మజిలీకి సాగును. కథలోఁ గథయు, దానిలో మఱియొకటియు నల్లుకొనును. ఒక రాజపుత్రుఁ డొక కన్యకను బటమునఁ జూచును. లేక కలలోఁ గాంచును. ఆమెను జేరులోపల దేశములు, దీవులు, బిలములు, రాక్షసులు, మంత్రవాదులు నడ్డుపడుదురు. 1951లో కె.వి.రెడ్డిగారి దర్శకత్వమున వెలువడి తెలుఁగునాఁట మాఱుమ్రోగిన పాతాళభైరవి చలనచిత్రమునకు బీజ మీ కథలలోనిదే. ఈ గ్రంథపు భాగములలో నొకటైనను, అట్ట యూడిపోయియైనను, పాతయిండ్ల యటుకులమీఁద నుండెడిది. చదువు వచ్చిన వాఁ డొకఁడు చదువఁ బదిమంది వినెడివారు.

పండితులు దీనిని గావ్యముగా నెంచరు. "పిల్లకథలు" అని చప్పరించి విడుతురు. ఆ చప్పరింపు మనకు శోభింపదు. ఏలయన, భారతదేశపుఁ గథాసముద్ర మంతయు నొక వ్యాకరణవివాదమునుండియే పుట్టిన దని సోమదేవభట్టు (క్రీ. 11వ శతాబ్ది) కథాసరిత్సాగరమునఁ జెప్పినాఁడు. సాతవాహనరాజు జలక్రీడలో రాణి పలికిన "మోదకైః" అను పదమును విడఁదీయలేక, నీళ్లతోఁ గొట్టవలదనఁగా లడ్డుకములు తెప్పించి నవ్వులపాలయ్యెను. ఆ యవమానముచే సంస్కృతము నేర్వఁ బూనెను. ఆఱు నెలలలో నేర్పుదు నని శర్వవర్మ ప్రతిన పట్టెను. అది చెల్లినచో భాషలనే విడుతు నని గుణాఢ్యుఁడు పంతము పట్టెను. శర్వవర్మ కాతంత్రముతో నెగ్గెను. ఓడిన గుణాఢ్యుఁడు సంస్కృతప్రాకృతదేశభాషలను మూఁటిని విడిచి యడవి చేరి పైశాచిలో బృహత్కథను వ్రాసెను. ఒక గుణసంధి తెలియకపోవుటవలన లోకమునకుఁ గాతంత్రవ్యాకరణ మొకవైపునను, బృహత్కథ యొకవైపునను లభించినవి. ఇది చరిత్రమా, కల్పనమా యన్న విచార మటుండనిండు. వ్యాకరణమునకును గథకును జుట్టఱిక మున్నదని మన పెద్దలే యొప్పుకొనిరి. శాబ్దికుఁడు కథను జిన్నచూపు చూచుట తోఁబుట్టువును గాదనుటయే.

ఇఁక నాకాంక్షను గూర్చి. తెలుఁగువాక్యమునఁ గ్రియ తుదిని వచ్చును. "రాముఁడు వచ్చి" అన్నప్పుడు వినువాని మనస్సు కూర్చుండదు. వచ్చి యేమి చేసె నని నిలుచుండును. "వచ్చి, చూచి, నవ్వి, కూర్చుండి" అని క్త్వార్థకములను ఎంత దూరమైనను బెంచుకొనిపోవచ్చును. సమాపకక్రియ పడువఱకు శ్రోత మనచేతిలోనివాఁడు. అద్భుతకథకుఁడు చేయునది యిదియే. అతనికి ఘటనలన్నియు క్త్వార్థకములు. కాశీమజిలీల పసులకాపరి మూర్తీభవించిన యాకాంక్ష. ఏమియుఁ జదువుకొననివాఁడే, కాని ప్రశ్న నడుగ నెఱుఁగును. ఆ బాలుఁడు లేకున్న మణిసిద్ధుని జ్ఞానమంతయు మణిలోనే యుండిపోయెడిది. భర్తృహరి వాక్యపదీయమున నన్నట్లు, వరుసగా వినఁబడు వర్ణములు సంస్కారములను మాత్రమే మిగిల్చిపోవును, అంత్యవర్ణముతోఁ గాని యర్థము ఒక్కమాఱు మెఱయదు. రహస్యగర్భమైన కథయందు సహృదయుఁ డనుభవించు మెఱుపును ఇట్టిదే.

అయితే కాశీమజిలీలలో నొక కొఱఁత కలదు. ప్రశ్న పుట్టిన పూఁటకే మణి జవాబు చెప్పును. యతి వెదకనక్కఱలేదు, ఊహింపనక్కఱలేదు. రహస్యమును విప్పు తాళపుచెవి కథకు వెలుపల యతిచేతిలో నున్నది. శ్రోతచేతి కది రాదు. దానిని శ్రోతచేతికే యిచ్చి, యిచ్చినట్లు తెలియనీయక, కావ్యము చాలదూరము నడచినపిదప "నీచేతిలో నున్నదే" అని చూపిన కవి మన భాషలో నొక్కఁడు కలఁడు. అతఁడు పింగళి సూరన. 16వ శతాబ్ది నడుమ, నంద్యాల కృష్ణమరాజున కంకితముగా నెనిమిది యాశ్వాసములలో రచించిన కలాపూర్ణోదయమే యా గ్రంథము. (దీనిని జదువని విద్యార్థి యెవఁడైన నీ పుటలు చూచుచున్నచో, నిచ్చట నాఁగి, కావ్యము చదివి రావలెనని కోరెదను. కారణము ముందుఁ దెలియును.)

ద్వారకలో వసంతకాలము. కలభాషిణి యను వేశ్యాకన్యక చెలికత్తెలతో నుయ్యెల లూఁగుచున్నది. ఆకసమున నారదుఁడు శిష్యుఁడైన మణికంధరునితోఁ బోవుచున్నాఁడు. అదే దారిని రంభానలకూబరులు విమానముపైఁ బోవుచున్నారు. రంభ గర్వమును సహింపక నారదుఁ డొకమాట తూలనాడును. నలకూబరుని రూపముపైఁ గలభాషిణి మనసు పడును. తరువాత నారదుఁడు తుంబురుని గెలువఁ గోరి ద్వారకలో సంగీతము నభ్యసించును. మణికంధరుఁడును శిష్యుఁడుగా నుండును. కలభాషిణియు నారదుని సేవించి యా విద్యయే నేర్చును. కృష్ణుఁడు మణికంధరునకొక రత్నమాలిక నిచ్చును. నారదుఁడు కలభాషిణికిఁ గోరిన రూపము ధరించు శక్తి నిచ్చును. చూడుఁడు: ఈ రెండు కానుకలు నెంత సామాన్యముగా మన కన్నులయెదుటనే చేతులు మాఱినవో! కొలువులలో సొమ్ము లిచ్చుట, మునులు వరము లిచ్చుట ప్రబంధములలోఁ బరిపాటియే గదా యని చదువరి ముందునకుఁ బోవును.

తరువాత మణికంధరుఁడు తపస్సున కూర్చుండును. దానిని జెఱుప రంభ వచ్చును. సింహవాహనముపై నాకసమున వచ్చిన మణిస్తంభుఁ డను సిద్ధుఁడు కలభాషిణిని గొనిపోయి దేవీబలి యీయఁ జూచును. అచ్చట సుముఖాసత్తి యను స్త్రీ కానవచ్చును. అడవిలో రంభ లిద్దఱై, నలకూబరు లిద్దఱై, నే ననఁగా నే నని కలహింతురు. చదువరికి మతి పోవును. వీరిలో నిజమైనవా రెవరు? కలభాషిణి యేమయ్యెను? గ్రంథము పేరు మోసిన కలాపూర్ణుఁ డెక్కడ? అతఁడు పుట్టుటకే కొన్ని యాశ్వాసములు గడవవలెను. పుట్టిన తరువాతను రహస్యము తెగదు. తుదకు మదాశయరాజు కూఁతురు మధురలాలస, మాటలు రాని పసికందు, ఆ రత్నమాలికమణి యెదకుఁ దాఁకినంతనే నోరు విప్పి పూర్వజన్మవృత్తాంత మంతయుఁ జెప్పును. కృష్ణుఁ డిచ్చిన సొమ్ము మణికంధరుని చేతినుండి యలఘువ్రతుఁ డను మలయాళబ్రాహ్మణుని చేతికిని, అతనినుండి కలాపూర్ణునికిని మాఱి యా శిశువు మెడకు వచ్చినది. మణిసిద్ధుని మణియు మణియే, మధురలాలస మణియు మణియే. కాని యొకటి కథకు వెలుపలనుండి వెలుఁగు చూపినది, మఱియొకటి కథలోఁ బుట్టి కథలోఁ దిరిగి కథను విప్పినది. కాశీమజిలీలకుఁ గలాపూర్ణోదయమునకుఁ గల యంతర మింతియే. ఇది చాల పెద్ద యంతరము.

యోగ్యత యన్న రెండవ నియమ మిక్కడ స్పష్టమగును. అద్భుతకథలో నేదైనను జరుగవచ్చు ననుకొనుట పొరపాటు. ఏదైనను జరుగవచ్చునన్నచో నేది జరిగినను మనకు లెక్క లేదు, ఆకాంక్ష చచ్చును. లోకమున నిప్పు తడుపదు. కథాలోకమున నిప్పు తడుపవచ్చును, కాని తడుపు నిప్పొకటి కల దని కవి ముందే చెప్పియుండవలెను. సూరన యిందు మిగులఁ గట్టివాఁడు. కలభాషిణి రంభ యగుటకు నారదుని వరము ముందే యున్నది. మణికంధరుఁడు నలకూబరుఁ డగుటకుఁ దపశ్శక్తి ముందే యున్నది. పసికందు పలుకుటకు రత్నమాలిక ముందే యున్నది. సిద్ధముగానుండని కారణము నప్పటికప్పుడు సృష్టించుట యతనికి నచ్చదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో వెలువరించిన కవిత్వతత్త్వవిచారమునఁ బ్రబంధకవులలో సూరనకుఁ బ్రత్యేకస్థానమిచ్చి యతని కథాకల్పనమును విమర్శించి చూపిరి. 2002లో వెల్చేరు నారాయణరావుగారును డేవిడ్ షుల్మన్‌గారును దీనిని "ది సౌండ్ ఆఫ్ ది కిస్" అను పేర నాంగ్లమునకు మార్చిరి. ఆంగ్లము చదువువారు దీనిని ఇప్పుడు ఆద్యంతము చదువుచున్నారు; మనపిల్లలు మాత్రము పది పద్యములకుఁ బ్రతిపదార్థము వ్రాయుచున్నారు.

ఆసత్తినిగూర్చి యెక్కువ చెప్పఁబనిలేదు. 1947 జూలైలో వెలసిన చందమామ పత్రికలో 1954లో దాసరి సుబ్రహ్మణ్యముగారి "తోకచుక్క" మొదలుకొని ధారావాహికలు వచ్చుచుండెడివి. నెలకు నెల యెడము. ఉదయపు మాటకు సాయంకాలపు మాట కుదుర దన్నారే, మఱి నెల యెడమైనదానికిఁ గుదురునా? అందుకే ప్రతిభాగము తలను జరిగిన కథ నాలుగు పంక్తులలోఁ జెప్పి యతుకు పెట్టెడివారు. చందమామ యిప్పుడు వెలువడుటలేదు గాని, యా యతుకు చదివి యూపిరి బిగఁబట్టినవా రిప్పుడు పండితులలోనే పెక్కురు కలరు. ఇచ్చట నొకచిన్న వినోదము. సూరన పాత్రలలో నొకతె పేరు సుముఖాసత్తి! కలాపూర్ణుని జననమున మణిస్తంభుఁడు తల్లియు, సుముఖాసత్తి తండ్రియు నగుదురు, స్త్రీపురుషవ్యత్యయము జరుగును. క్తిన్నంతమై స్త్రీలింగమైన పదము తండ్రికిఁ బేరు, అకారాంతపుంలింగము తల్లికిఁ బేరు! లింగానుశాసనము చదివినవానికిఁ దప్ప నీ చమత్కార మంత త్వరగా నందదు. సూరన నవ్వుకొనుచు వ్రాసియుండు నని నా యూహ.

ప్రణయమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఈ కావ్యమును శృంగారప్రబంధ మనియే లెక్కించుచు, నందలి ముఖ్యప్రణయము కలభాషిణీనలకూబరులది యని తొలిచూపున నెంచుదురు. నా కది సమ్మతము కాదు. సాహిత్యదర్పణమున విశ్వనాథుఁడు పూర్వరాగమును నీలీరాగము, కుసుంభరాగము, మంజిష్ఠారాగ మని మూఁడుగా విభజించెను. అద్దకమువాఁ డెఱిఁగిన భేదములే యివి. కుసుంభపుఁ బూవురంగు తళుక్కుమనును, ఉదుకఁగనే పోవును. నీలిరంగు పైకంతగా మెఱయదు, కాని పోదు. మంజిష్ఠ మెఱయును, నిలుచును. కలభాషిణి నలకూబరుని విమానములోఁ జూచి వలచిన వలపు కుసుంభము; రూపమునుబట్టి పుట్టినది, రూపము మాఱఁగానే మోసపోయినది. ఏలయన నామె రంభరూపమునఁ జేరినవాఁడు నలకూబరుఁడు కాఁడు; నలకూబరరూపము దాల్చిన మణికంధరుఁడు. అతఁడు చేరినదియు రంభ కాదు. ఇద్దఱును దాము కోరినవారి నందుకొంటి మనుకొనిరి. ఇద్దఱును దమపేరు దాఁచుకొనిరి. ఇంత విచిత్రమైన సమాగమము మన సాహిత్యమున మఱియొకటి నే నెఱుఁగను. ఆ మణికంధరుఁడే మఱుజన్మమునఁ గలాపూర్ణుఁడు. ఆ కలభాషిణియే మధురలాలస. ఏ వేషమును లేక, ఎవరిరూపమును గాక, తమ తమ రూపములతో వారు దంపతు లగుటకు నొక జన్మము గడచిపోవలసివచ్చినది.

ఇప్పుడు వెనుకకుఁ బోయి ద్వారకాఘట్టమును జదువుఁడు. ఒకే గురువును సేవించి, యొకే విద్యను నేర్చిన యిద్దఱు శిష్యు లచట నున్నారు. ఆమె కన్ను విమానముపై నున్నది. అతని మనస్సు గానముపైఁ దపస్సుపై నున్నది. ఒకరినొకరు కోరుటలేదు. కవియు వారిని జంటగాఁ జూపఁడు. తొలిపఠనమున నెవ్వఁడును వారిని జంటగా నెంచఁడు. నీలి తొట్టిలో నానుచున్నది, రంగు పైకిఁ దేలలేదు! కావ్యము ముగిసినపిదపఁ గాని యా ఘట్టపు శృంగారము శృంగారముగాఁ దెలియదు. మెల్లఁగాఁ బండు ప్రణయ మనఁగా నిట్టిది. నాయికానాయకు లిద్దఱును విరహముచేఁ దపించుచుఁ జంద్రుని, మలయానిలమును, మన్మథుని దూఱుచు నాశ్వాసములు నింపుట మెల్లఁదనము కాదు, అది జాగు. ప్రబంధములు చదివినవారి కీ భేదము నేను వివరింపనక్కఱలేదు.

బాణుని కాదంబరి యిందుకు మేల్బంతి యై యుండవచ్చును. అందు శూద్రకమహారాజు కొలువునకుఁ జండాలకన్యక యొక చిలుకను దెచ్చును, చిలుక కథ చెప్పును, రాజు వినును. కథ ముగియునప్పటికి వినుచున్న రాజే కథానాయకుఁడైన చంద్రాపీడుఁ డని తేలును. కథ చెప్పిన చిలుకయు నందలి పాత్రయే. కలాపూర్ణుఁడును మధురలాలసయొద్దఁ దన కథనే వినుచున్నాఁడు. తన పూర్వజన్మపుఁ బ్రేయసి, పసికందై, తన యెదుటనే తమ యిద్దఱి కథను జెప్పఁగా విను రాజుయొక్క స్థితిని దలఁచికొనుఁడు. అది కరుణమా, హాస్యమా, యద్భుతమా? మూఁడును. బాణుఁడు కథ నర్ధమున విడిచి గతింపఁ గొడుకు పూర్తిచేసెను. సూరన తన కథను దానే ముగించుకొనఁగలిగెను.

ఆ సూరనయే రాఘవపాండవీయము రచించినవాఁ డని మఱువరాదు. అందొకే పద్యము రామకథయు భారతకథయు నగును; శబ్ద మొకటి, యర్థములు రెండు. కలాపూర్ణోదయమున దానికిఁ దలక్రిందుగా వ్యక్తు లిద్దఱు, రూప మొకటి. శ్లేష శబ్దమునుండి కథలోనికి దిగినది. రెండు కావ్యములు నొకచేతివే యనుటకు వేఱు ప్రమాణము లేకున్నను నిది చాలును.

ఒక యాక్షేపము తప్పక వచ్చును. కథ ముందు తెలిసిననేమి? రామాయణకథ తెలియనివాఁ డెవఁడు? ఐనను దినదినము వినుచునే యున్నాము. రసము కథ తెలియకపోవుటపై నాధారపడదు గదా? ఇది తేలికగాఁ ద్రోసివేయఁదగిన మాట కాదు. కాని మన యాలంకారికు లితివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము నని యేల విభజించిరి? ప్రఖ్యాతకథను జేపట్టిన కవి మనకుఁ దెలిసినదానినే యాధారముగాఁ జేసికొని చిత్రించును. భద్రాచలమునకు నడచిపోవు యాత్రికునకు రాముఁడు సీతను బెండ్లియాడు నని ముందే తెలియును. తెలిసియుండుటచేతనే యా కల్యాణమును జూడ నడచుచున్నాఁడు. ఉత్పాద్యకథను గల్పించిన కవియో మనకుఁ దెలియనిదానినే యాధారముగాఁ జేసికొనును. మన యజ్ఞానమే యతని గోడ. దానిపై నతఁడు బొమ్మ వ్రాయును. ముందే కథాసంగ్రహము చెప్పుట యా గోడను గూల్చి బొమ్మను జూడుఁ డనుట. రెండవపఠనమున వేఱొక సుఖము కలదు, పైని ద్వారకాఘట్టమునుగూర్చి చెప్పితిని. కాని యా సుఖమును మొదటి పఠనమే కొనితెచ్చును. తొలిపఠనము నొకమాఱు పోఁగొట్టుకొన్నవానికి నెవ్వఁడును దానిని మరల నీయలేఁడు.

మఱి మన పాఠశాలలలోఁ గలాపూర్ణోదయభాగము పాఠ్యమైనప్పుడు జరుగుచున్న దేమి? పాఠమునకుఁ దలలో "కథాసంగ్రహము" అని యొకటి యుండును. కలభాషిణియే మధురలాలస, మణికంధరుఁడే కలాపూర్ణుఁడు అని దాని నాల్గవపంక్తిలోనే తేలిపోవును. దానికిఁ గ్రింద నుయ్యెలపద్యములు. వానికిఁ బ్రతిపదార్థము. తరువాత సంధులు, సమాసములు. అడుగవలసిన ప్రశ్నలన్నిఁటికి జవాబు మొదటనే చెప్పి, యెవ్వరు నడుగని ప్రశ్నలు తుదిని వేయుచున్నాము. పసులకాపరిని వెనుకకుఁ బంపివైచి యతి యొంటరిగాఁ గాశికిఁ బోవుచున్నట్లున్నది. తరువాత నేమో యీ కాలపుఁ బిల్లలకుఁ గావ్యాభిరుచి లేదని వగచుచున్నాము.

నే ననుసరించు పద్ధతిని వినయముతో విన్నవించెదను. మా తరగతిలోఁ గథాసంగ్రహమున్న పుటను మొదటఁ దెఱువ నీయను. ఉయ్యెలఘట్టమును వచనమునఁ జెప్పి, కొన్ని పద్యములను రాగముతోఁ జదివి, రెండు కానుకలును ఇచ్చునంతవఱకు నడపి, యచ్చట నాఁపుదును. "తరువాత?" అని పిల్లలే యడుగుదురు. అడిగినవానిని నల్లబల్లపై వ్రాయింతును. మఱునాఁ డిద్దఱు రంభల కలహము. దాని కిద్దఱు బాలికలను నిలిపి పలికింపవచ్చును. నవ్వులతోఁ దరగతి మాఱుమ్రోగును, ప్రక్కతరగతి యుపాధ్యాయుఁడు వచ్చి తొంగిచూచును. అడవిపల్లెలనుండి వచ్చు పిల్లలు, ఇంటఁ గోయభాష మాటలాడువారు, పద్యమునకు జంకువారు, వీరే యెక్కువ యూహలు చెప్పుదురు. కథ వినుట వారికి మనకంటెఁ బాతవిద్య. ఒకమా ఱొక బాలిక "ఆ హార మేమైన దయ్యవారూ?" అని యడిగినది. తరగతిలో నెవ్వరును దానిని దలఁపలేదు. నేను జవాబు చెప్పలేదు. బల్లపై నన్నిఁటికంటెఁ బైని ఆ ప్రశ్నను వ్రాయించితిని. మధురలాలస నోరు విప్పు దినమున నా బాలిక ముఖమును జూచినవాఁడు తరువాత నెన్నఁడును గథాసంగ్రహము ముందు చదువఁడు.

వ్యాకరణమునకు భంగము కలుగు నని శంకింపనక్కఱలేదు. పద్యము తెలియఁగోరినవాఁడు సంధి తానే విడఁదీయును. "మోదకైః" అను నొక పదమునకు రాజంతటివాఁడు చదువఁ బూనెను గదా. కాలము చాల దందురా, వారమునకొక గంట చాలును. మజిలీలు చిన్నవైనను యాత్ర సాగును.

తుది యాశ్వాసముల విషయమై మాత్ర మొకమాట. మధురలాలసాకలాపూర్ణుల వివాహముతో నడుగవలసిన ప్రశ్నలన్నియుఁ దీఱును, సమాపకక్రియ పడినట్లే. ఐనను సూరన సవతియైన యభినవకౌముదికిని మధురలాలసకును గల పోరును, రాజు దిగ్విజయమును గలిపి కథను బొడిగించెను. వర్ణనలు మంచివే, కాని వానిని గోరు పదము వెనుక లేదు. ఆలంకారికులు దీనికి సమాప్తపునరాత్త మని పేరు పెట్టి దోషములలోఁ జేర్చిరి. ఎంత సూరనయైనను దోషము దోషమే. తరగతిలో నేను వివాహముకడ గ్రంథము మూయుదును. మిగిలినదానిని జదువఁగోరిన పిల్లవానికిఁ బుస్తక మిచ్చి యింటికిఁ బంపుదును.